పన్నెండు వోల్టులే గదా!

గోదావరిఖనిలో కార్లకు సౌండు సిస్టంలు బిగించే పని ఇరవై తొమ్మిదేళ్లు చేశాను. మోకాళ్లు రెండూ కూడబలుక్కుని ఎదురు తిరిగాక, పోయిన ఏడాది దుకాణాన్ని నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకే అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. కూర్చోనిస్తే కదా! ఈ పనిలోకి కొత్తగా దిగుతున్నవాళ్లు వారానికి ఇద్దరైనా ఇంటికి వస్తారు. టీ తాగుతారు, బిస్కెట్లన్నీ అవగొడతారు, చివరికి అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. “అమ్మా, బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కు ఎంత లావు తీగ ఎయ్యాలె?”

జవాబు ఒక్క నిమిషంలో చెప్పేయొచ్చు. కానీ ఆ నిమిషం జవాబు నేర్చుకోవడానికి నేను ఒక కాంట్రాక్టరు చేత తిట్లు తిన్నాను, ఒక పాస్టరు గారి జీపులో పొగ పెట్టాను, నాకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పిన మా బావను ఆయన రిటైరయ్యే వారంలోనే తప్పుపట్టాను. ఆ చివరి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ముందు గుండె దడదడలాడుతుంది, తర్వాత నవ్వు ఆగదు. కాబట్టి దుకాణం ఎలా పెట్టాను, పేరు ఎలా వచ్చింది లాంటి డప్పు ఇక్కడ కొట్టను. తీగ గురించి, మా బావ గురించి రాస్తాను. రెండూ ఒకటే కథ.

నన్ను ఈ పనిలో పడేసిన మనిషి

మా నాన్న బొగ్గుగని కార్మికుడు. నేను పదో తరగతిలో ఉండగానే జబ్బు చేసి పోయాడు. అప్పటికే అక్క సువార్తకు పెళ్లయింది. అక్క భర్త యోహాను బావ గనిలో ఎలక్ట్రీషియన్. మరదలినని నన్ను ఆటపట్టించేవాడే కానీ, నాన్న లేని లోటు తెలియకుండా చూసింది ఆయనే. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేర్పించాడు. సాయంత్రం డ్యూటీ దిగి స్నానం చేసి, క్వార్టరు ముందు అరుగు మీద నన్ను కూర్చోబెట్టుకుని తీగ ఒలవడం నేర్పేవాడు.

“ఒక్క పోగు తెగినా తీగ కుంటిదైతది పిల్లా. మళ్ల ఒలువు” అనేవాడు. రోజుకు ఇరవైసార్లు ఒలిపించేవాడు. నేను మొహం మాడ్చుకుంటే, “నవ్వుకుంట ఒలిస్తే తీగ గూడ నవ్వుతది” అని గిల్లేవాడు.

ఆ రోజుల్లో ఆడవాళ్లను గని లోపలికి దింపేవారు కాదు. చదువు అయిపోయాక నేను ఏడుస్తూ కూర్చుంటే, బావే నన్ను సైకిలు మీద చౌరస్తాకు తీసుకెళ్లి, బండ్ల కరెంటు పని చేసే మొయిన్ ఉస్తాద్ ముందు నిలబెట్టాడు. “గనిల దీనికి జాగ లేదంటున్నరు. గని బయటి కరెంటన్న దీనికి నేర్పు ఉస్తాద్” అన్నాడు. ఇన్నేళ్ల నా జీవితం ఆ సైకిలు క్యారేజీ మీద నుంచి దిగిందే.

ఉస్తాద్ అరచెయ్యి

మొయిన్ ఉస్తాద్‌కు లెక్కలు రావు. చదువు రెండో తరగతి. కానీ ఆయన అరచెయ్యికి అన్నీ తెలుసు. కారులో సౌండు బిగించడం అయిపోయాక వాల్యూమ్ మొత్తం పెంచి, వరసగా మూడు పాటలు పెట్టేవాడు. ఆ మూడు పాటలూ అయ్యేదాకా బ్యాటరీ తీగను అరచేతిలో పట్టుకుని, మౌలానాలా కళ్లు మూసుకుని కూర్చునేవాడు. మూడో పాట చివర కూడా తీగ చల్లగా ఉంటే బండి పోవచ్చు. వెచ్చబడిందంటే తీగ మొత్తం పీకి లావుది వేయాల్సిందే. యజమాని పెళ్లికి పోవాలని తొందరపడినా సరే, పెళ్లికొడుకే అయినా సరే.

“బేటీ, బేసు కొట్టినప్పుడల్లా ఇది గటగట తాగుతది. సన్న గొట్టం నోట్లె పెట్టి తాగమంటే ఏం తాగుతది? గొట్టాన్నే నములుతది” అనేవాడు.

ఇంకో సంగతి కూడా ఆయనే నేర్పాడు. ఆంప్లిఫయర్ డబ్బా మీద అచ్చేసిన వాట్లను నమ్మకు. రెండు వేలు అని రాసుంటుంది, నిజంగా ఇచ్చేది ఆరువందలు. డబ్బా అవతల పారేసి, ఆంప్లిఫయర్‌కు ఉన్న ఫ్యూజులు చూడు. ముప్పైవి రెండు ఉంటే, అది తాగగలిగింది అరవై ఆంపియర్లు. అబద్ధం డబ్బా చెబుతుంది, నిజం ఫ్యూజు చెబుతుంది. పెళ్లి సంబంధాల్లో కూడా ఇలాంటి ఫ్యూజు ఒకటి ఉంటే బాగుండేదని నేను అంటే, ఉస్తాద్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

తీగ కొనేటప్పుడు బ్లేడుతో ఒక పోగు గీకి చూడమనేవాడు. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా కనబడితే అది రాగి పూత వేసుకున్న అల్యూమినియం, అది అంతే లావులో తక్కువ మోస్తుంది. కొత్తగా వస్తున్నవాళ్లు ఈ ఒక్క అలవాటు చేసుకున్నా సగం తిట్లు తప్పించుకుంటారు.

సున్నా అంటే కోపం

తీగల నంబర్లది తిరకాసు లెక్క. నంబరు చిన్నదైతే తీగ లావు. పదహారో నంబరు నూడుల్స్ అంత ఉంటుంది, నాలుగో నంబరు చిటికెన వేలంత, సున్నా నంబరు బొటనవేలంత. ఇది మనకు తెలిస్తే సరిపోదు, కస్టమర్‌కు మర్యాదగా చెప్పడం రావాలి. నాకు రాలేదు.

కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మట్టి పనులు చేయించే కాంట్రాక్టరు ఒకాయన పెద్ద కారు తెచ్చాడు. బేసు పలికించే పెద్ద స్పీకర్లు, అంటే ఊఫర్లు రెండు, ఏనుగంత ఆంప్లిఫయర్. ఫ్యూజులు కూడితే నూరు దాటింది. “దీనికి సున్నా నంబరు వేస్తాను సార్” అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. “ఏంటమ్మా? ఇంత బండి తెస్తే నాకు సున్నా వేస్తానంటావా? మా బావమరిది డొక్కు కారుకు పదహారు వేశారంట. నాకు ఇరవై వెయ్యి!”

“ఇరవై వేస్తే కాలుతుంది సార్. సున్నాయే మంచిది.”

“మళ్లీ సున్నా అంటావేంటమ్మా! నేనేం పరీక్ష రాశానా?”

దుకాణంలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే తప్పు. ఆయన తిట్టి బండెక్కాడు. నేను పరిగెత్తి వెళ్లి, కిటికీలో నుంచి ఒక చేతిలో పదహారో నంబరు ముక్క, ఇంకో చేతిలో సున్నా నంబరు ముక్క పెట్టాను. నోరు మూసుకుని నిలబడ్డాను. ఆయన రెండూ చూశాడు. సున్నాను రెండు చేతులతో వంచబోయాడు, వంగలేదు. బండి దిగాడు. ఆ తర్వాత ఏడాది పాటు “నా బండికి సున్నా వేయించానండీ” అని ఊరంతా చెప్పుకుని, నాకు బోలెడు బేరాలు పంపాడు. చెప్పేకన్నా చేతిలో పెట్టడం మేలని అప్పుడే అర్థమైంది.

నరకాగ్ని ముందే వచ్చింది

ఇది నా తప్పు. దాచుకోను.

మా సంఘం పాస్టరు గారు ఊళ్లు తిరిగి ప్రసంగించడానికి ఒక జీపు ఉండేది. దానికి ఆంప్లిఫయర్, రెండు హారన్ స్పీకర్లు నేనే బిగించాను. తీగ లావు సరిగ్గానే వేశాను. ఫ్యూజు కూడా పెట్టాను. ఎక్కడ పెట్టాను? ఆంప్లిఫయర్ పక్కన, చూడ్డానికి అందంగా ఉంటుందని. బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న తీగంతా కాపలా లేకుండానే ఉందన్నమాట. పైగా ఆ తీగ బానెట్‌లో నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రంలో, తీగ ఒరుసుకోకుండా వేసే రబ్బరు బుష్ వేయడం మరిచిపోయాను.

శనివారం మధ్యాహ్నం మంచిర్యాల దగ్గరి జైపూర్ వైపు ఒక ఊళ్లో పాస్టరు గారు నరకాగ్ని గురించి గొప్పగా చెబుతున్నారు. గుంతల రోడ్లలో తిరిగి తిరిగి ఆ రేకు అంచు తీగ తోలును కోసేసింది, లోపలి రాగి రేకుకు తగిలింది. బానెట్‌లో నుంచి నల్లటి పొగ లేచింది. జనం ముందు అది ప్రసంగంలో భాగమే అనుకున్నారు. ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ లేచి, “అయ్యా, మాకంటె ముందుగాల నీ జీపే పోతున్నదయ్యా నరకానికి!” అని కేకేసింది.

బిందెలతో నీళ్లు పోశారు, మనుషులకు ఏమీ కాలేదు. పాస్టరు గారు ఎంత మంచివారంటే, ఆ రోజు మారుమనస్సు పొందినవాళ్లు మామూలు కంటే ఎక్కువేనని నాకు కబురు పంపారు. నేను మాత్రం వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఫ్యూజు ఆంప్లిఫయర్‌ను కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి. అందుకే అది బ్యాటరీకి జానెడు దూరం దాటకూడదు. రంధ్రం కనబడితే రబ్బరు వేయాల్సిందే. బండి ఇనుముకు బిగించే నల్లతీగ కూడా బ్యాటరీ నుంచి వచ్చే ఎర్రతీగంత లావే ఉండాలి, దాన్ని బిగించే చోట పెయింటు గీకి ఇనుము కనబడాలి. ఈ నాలుగూ నోటికి వచ్చాకే ఎవరి బండి మీదైనా చెయ్యి వేయండి.

బావ కొన్న కారు

ఇక అసలు సంగతి. మా బొగ్గుబాయి ఊళ్లలో మనిషి రిటైరైతే ఊరికే ఇంటికి రాడు. తోటివాళ్లు దండలు, శాలువాలు వేసి, గని గేటు నుంచి క్వార్టరు దాకా పాటలతో, డ్యాన్సులతో ఊరేగించి తెస్తారు. ముప్పై ఆరేళ్లు చీకట్లో పనిచేసిన మనిషిని పట్టపగలు అందరూ చూసేలా ఇంటికి తెచ్చే రోజు అది. బావ రిటైర్మెంటు బుధవారం. దాని కోసం సెకండ్ హ్యాండులో ఒక తెల్ల కారు కొన్నాడు. డీజే బండి వద్దట, తన కారే డిక్కీ తెరుచుకుని పాడుతూ ముందు నడవాలట. ఎవరితోనో ఆంప్లిఫయర్, ఊఫర్లు తెప్పించి, తనే బిగించుకున్నాడు. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయాక అక్క నన్ను పక్కకు లాగింది. “కరుణా, మీ బావ కారుల సౌండు పెట్టిండు. పాట పెడితే ఏదో కాలిన వాసనొస్తున్నదే. అడిగితే కొత్త సీట్ల వాసన అంటడు. అవి కొత్త సీట్లా?”

వెళ్లి బానెట్ లేపి చూశాను. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వెళ్తున్నది పెన్ను రీఫిల్లంత సన్నటి తీగ. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. తీగ పరిచిన తీరు మాత్రం బంగారం. ఎక్కడా ముడత లేదు, వదులు లేదు.

“బావా, ఏంది గీ తీగ?”

“ఏమైంది? పన్నెండు వోల్టులే గదా! గనిల గంట కొట్టే తీగ గింతే ఉంటది. పిట్ట కొంచెం, కూత ఘనం.”

ఇది బయటివాళ్లు చేయని తప్పు, గనివాళ్లు మాత్రమే చేస్తారు. గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే దారి వెంట సన్నటి తీగలు ఉంటాయి. వాటిని కలిపితే దూరంగా ఇంజను దగ్గర గంట మోగుతుంది. అది తక్కువ వోల్టు. యంత్రాలకు పోయే ఐదువందల యాభై వోల్టుల కేబులు మాత్రం ముంజేయంత లావు ఉంటుంది. రోజూ అదే చూసిన కంటికి పెద్ద వోల్టుకు లావు, చిన్న వోల్టుకు సన్నం అని ముద్ర పడిపోతుంది. గంట మోగాలంటే గుక్కెడు కరెంటు చాలు. ఊఫర్‌కు బిందెలు కావాలి. బావకు ఈ లెక్క తెలియక కాదు. పన్నెండు వోల్టులను లెక్క వేయదగ్గ వస్తువుగానే ఆయన చూడలేదు.

“బావా, ఇది కాలుతది. ఊరేగింపుల వాడకట్టు పిల్లలంత నీ కారుల్నే ఎక్కుతరు.”

“ముప్పై ఆరేండ్లల నా చేతి కింద ఒక్క మనిషికి దెబ్బ తాకలె. ఇయ్యాల పన్నెండు వోల్టుల ముచ్చట నువ్వు నాకు నేర్పుతవా?” ఆయన నవ్వలేదు. నన్ను గిల్లలేదు కూడా.

అప్పుడే ఇద్దరు ముగ్గురు ఆయన కింద పనిచేసేవాళ్లు కారు చూడ్డానికి వచ్చి నిలబడ్డారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నేను చెప్పకపోతే పిల్లలున్న కారు కాలుతుంది. చెబితే తండ్రి లాంటి మనిషి, తనకు పెద్ద రోజు రాబోతుండగా, తన వాళ్ల ముందే తల దించుకుంటాడు. ఆ తర్వాత నాతో మామూలుగా ఉంటాడో లేదో తెలియదు. అయినా చెప్పేకన్నా చేతిలో పెట్టడం మేలని నేర్చుకున్నదాన్ని కదా.

“సరే బావా. మూడు పాటలు పెడుదాం. వదలకుండ తీగ పట్టుకోని నిలవడు. సల్లగ ఉంటే నేను నోరు మూసుకోని పోత.”

“మూడేంది, ముప్పై పెట్టు!” అన్నాడు.

మూడు పాటలు

మొదటి పాటకు బావ తీగ పట్టుకుని పాటతో పాటు పాడాడు, తల ఊపాడు. రెండో పాటలో పాడటం ఆపేశాడు. తీగను ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు, కాసేపటికి మళ్లీ కుడి చేతిలోకి మార్చుకున్నాడు.

“ఏందయ్యా, చెమటలు పడుతున్నయ్?” అంది అక్క.

“ఎండ గొడుతున్నది.”

“నీడల నిలవడ్డవ్ గదా!”

మూడో పాటలో బేసు గట్టిగా పడింది. ప్లాస్టిక్ వాసన గుప్పున కొట్టింది. బావ పళ్లు బిగబట్టాడు కానీ తీగ వదలలేదు. మొండితనంలో మా బావను మించినవాడు జిల్లాలో లేడు. ఇక ఆగలేక నేనే పాట కట్టేయబోతుంటే, ఆంప్లిఫయర్ తనే కరెంటు చాలక “గుబ్” మని ఆగిపోయి ఎర్రలైటు వేసింది.

“పాట ఖరాబున్నది” అన్నాడు బావ, అరచెయ్యి ప్యాంటుకు రుద్దుకుంటూ. ఆయన మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని దగ్గారు. నవ్వాపుకోవడానికి దగ్గు కంటే మంచి మందు లేదు.

నేను మీటరు తీసి ఆయన చేతికిచ్చాను. చెయ్యితో వాదిస్తాడేమో కానీ, ఎలక్ట్రీషియన్ మీటరుతో వాదించడు. పాట మళ్లీ పెట్టాను. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర చూపించింది. డిక్కీకి వెళ్లి ఆంప్లిఫయర్ దగ్గర పెట్టి చూశాడు. బేసు పడినప్పుడల్లా తొమ్మిదికి దిగుతోంది. మూడున్నర వోల్టులు దారిలోనే వేడైపోతున్నాయి.

బావ ఫ్యూజులు చూశాడు. ముప్పైవి రెండు. కారు పైకప్పు మీద, పొద్దున కడిగినా మధ్యాహ్నానికి పేరుకునే బొగ్గు దుమ్ములో, వేలితో లెక్క రాశాడు. అరవై ఆంపియర్లను పన్నెండున్నరతో గుణిస్తే వచ్చిన ఏడువందల యాభై వాట్లను ఐదువందల యాభై వోల్టులతో భాగించాడు. ఒకటిన్నర ఆంపియర్లు కూడా రాలేదు. అవే వాట్లను పన్నెండుతో భాగించాడు. అరవై దాటింది. ఆ రెండు అంకెల కిందా గీత గీశాడు. తర్వాత మొత్తం అరచేత్తో తుడిచేశాడు.

“వేస్కో నీ తీగ” అని లోపలికి వెళ్లిపోయాడు.

గెలిచాను. కానీ గెలిచిన సంతోషం గడప దాటేదాకా కూడా నిలవలేదు.

మాట లేని మూడు రోజులు

సోమవారం మంచిర్యాల వెళ్లి నాలుగో నంబరు అసలు రాగి తీగ తెచ్చాను. ఆ ఒక్క నిమిషం జవాబు కూడా ఇక్కడే రాసేస్తాను: కారు పొడవు దూరానికి ముప్పై ఆంపియర్ల లోపైతే ఎనిమిదో నంబరు, అరవై డెబ్బై దాకా నాలుగు, నూరు దాటితే సున్నా. రెండింటి మధ్య అనుమానం వస్తే లావుదే. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు పెట్టాను. రంధ్రంలో రబ్బరు వేశాను. ఈ పనంతా చేస్తున్నంతసేపూ బావ బయటికి రాలేదు.

“మాట్లాడతలేడే. అన్నం తింటడు, కారు దిక్కు చూస్తడు, మళ్ల తింటడు” అంది అక్క. అక్కకు కూడా నవ్వాలో భయపడాలో తెలియలేదు.

మంగళవారం పొద్దున వెళ్లేసరికి నేను బిగించిన తీగ కొసల్లో రెండు మారిపోయి ఉన్నాయి. ఎవరో వాటిని కోసేసి, తీగ కొసకు తొడిగే రాగి లగ్గులు కొత్తవి నొక్కి, పైన తోలు తొడిగారు. అంత అందమైన లగ్గు నా జన్మలో నొక్కలేదు. ఒక్క పోగు కూడా బయటికి రాలేదు. అది కోపంతో చేశాడో, ప్రేమతో చేశాడో నాకు అర్థం కాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి “లగ్గులు మస్తున్నయ్ బావా” అన్నాను. లోపల రేడియో సౌండు పెరిగింది.

బుధవారం మొదటి షిఫ్టు దిగాక ఊరేగింపు బయలుదేరింది. అబ్బో, ఆ సౌండు! క్వార్టర్ల కిటికీ అద్దాలు తాళం వేశాయి. తీగమీద ఆరేసిన చీరలు ఊగాయి. కర్ర పట్టుకుని నడిచే అవ్వలు కర్రలు పారేసి ఎగిరారు. వెనక సీట్లో పదిమంది పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కి కేకలు. బావ మెడలో దండలు చెవుల దాకా వచ్చాయి. దస్తీ ఊపుతూ రోడ్డు మధ్యలో ఆయన వేసిన స్టెప్పులకు అక్క సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, అదే కొంగు సందులో నుంచి చూసింది. నేను కారు పక్కనే నడుస్తూ, లోపల చెయ్యి పెట్టి తీగ పట్టుకుని చూశాను. ఏడో పాటకు కూడా చల్లగానే ఉంది. ఆ చల్లదనానికి నాకు గంతులు వేయాలనిపించింది, వేశాను కూడా.

“ఏం సౌండే అన్నా! ఎవ్వలు బిగించిన్రు?” అని ఎవరో అరిచారు.

బావ నా వైపు చూడకుండానే, “సౌండుకు ఆడాలె గని అడ్రసు అడుగుతరా! ఆడుండ్రి!” అని అటు తిరిగాడు. చుట్టూ అంత సంబరం. నా కాళ్లు మాత్రం అక్కడే ఆగిపోయాయి. మనిషిని కాపాడుకోబోయి పోగొట్టుకున్నానని ఇంటికి వచ్చి ఏడ్చాను.

గురువారం పొద్దున

దుకాణం తెరవడానికి తొమ్మిదికి వెళ్లాను. షట్టరు ముందు మెట్టు మీద బావ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, బూట్లు, ఒళ్లో టిఫిను డబ్బా.

“ఏడు గొట్టంగ వచ్చి కూసున్న. ఏ యాళ్లకు తెరుస్తవే నీ దుకాణం?”

“ఏంది బావా, కారుకేమన్న అయిందా?”

“కారుకేమైతది, రాయి లెక్కనున్నది. మస్టర్ పడుదామని వచ్చిన.”

మస్టర్ అంటే మా దగ్గర ఆ రోజు హాజరు. మస్టర్ పడితేనే ఆ రోజు పని ఉన్నట్టు.

“నిన్ననే గదా రిటైరైనవ్?”

“పెద్ద వోల్టుల కాడ రిటైరైన. చిన్న వోల్టుల పని నాకు రాదని మొన్ననే ఎరుకైంది. నేర్పుతవా లేదా?” అన్నాడు. గొంతు తగ్గించి, “మూడు దినాలు నీ మొకం చూడలేకపోయిన పిల్లా. నీ తప్పేం లేదు. సిగ్గయింది” అన్నాడు.

నేను షట్టరు పట్టుకుని నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను. ఇరవై తొమ్మిదేళ్లలో అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. నేను కళ్లు తుడుచుకునేలోగా బావే తాళం చెవి లాక్కుని షట్టరు తీశాడు. గరుకు కాగితం ఇచ్చి, లోపలున్న బండి డిక్కీలో నల్లతీగ బిగించే చోట పెయింటు గీకమన్నాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చే పని అదే. మోకాళ్ల మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాడు.

కాసేపటికి ఒకాయన కారు ఆపాడు. నన్ను దాటుకుని, తెల్లజుట్టు చూసి, తిన్నగా బావ దగ్గరికి పోయాడు. “ఉస్తాద్, నా బండికి బేసు పెట్టియ్యాలె. జర చూస్తవా?”

బావ తల ఎత్తకుండానే గరుకు కాగితం పట్టుకున్న చెయ్యి నా వైపు చాపాడు.

“నన్నడుగుతవేందన్నా? ఉస్తాద్ అగో, ఆడ నిలవడ్డది. నాది ఇయ్యాలనే మొదటి మస్టర్.”